పాంపీ టికెట్లు కొనేవారికి హెచ్చరిక: ఫొటోలో ఉన్నవన్నీ పాంపీలో ఉండవు

ఇటలీలోని పాంపీ శిథిల నగరాన్ని చూడడానికి ఆన్‌లైన్‌లో టికెట్లు కొనబోతున్నవారికి, ముఖ్యంగా అమ్మానాన్నలను వెంటబెట్టుకుని వెళ్ళేవారికి, మాకు జరిగింది ముందే తెలియాలని ఇది రాస్తున్నాను. అధికారిక సైటు కాకుండా, టికెట్లను తిరిగి అమ్మే ఒక ప్రైవేటు సైటులో మా ముగ్గురికీ కలిపి 177 యూరోలు కట్టాను. అది అసలు ధరకు రెండింతల కంటే ఎక్కువని తరువాత తెలిసింది. అయినా నా బాధ డబ్బు గురించి కాదు.

ఆ పేజీ పైభాగంలో మూడు ఫొటోలు ఉన్నాయి: వెసూవియస్ అగ్నిపర్వతం కనిపించే ఒక రాతి వీధి, అలెగ్జాండర్ యుద్ధాన్ని చూపే మొజాయిక్ (చిన్న చిన్న రంగురాళ్ళు పేర్చి చేసిన చిత్రం), చిన్న దంతపు స్త్రీమూర్తి. మూడవ ఫొటో చూసే నేను టికెట్లు కొన్నాను. క్రీ.శ. 79లో వెసూవియస్ బద్దలై బూడిదలో కప్పేసిన ఆ ఊళ్ళో, 1938లో తవ్వకాల్లో బయటపడిన ఆ బొమ్మ మన దేశం నుంచి వెళ్ళింది. దాన్ని పాంపీ లక్ష్మి అంటారు. లక్ష్మి కాదు, యక్షిణి అని చెప్పే పండితులూ ఉన్నారు. సుమారు 25 సెంటీమీటర్ల ఎత్తు, ముంజేతుల నిండా గాజులు, కాళ్ళకు బరువైన కడియాలు, అటూ ఇటూ చిన్న పరిచారికలు. మా నాన్నగారు తెనాలిలో ముప్ఫై ఏళ్ళు సాంఘిక శాస్త్రం చెప్పారు. సాతవాహనుల కాలంలో రోముతో మనకున్న వర్తకం గురించీ, మన నేలలో దొరికిన రోమను నాణేల గురించీ పిల్లలకు చెప్పినప్పుడల్లా ఈ బొమ్మ ప్రస్తావన తెచ్చేవారట. దాన్ని కళ్ళారా చూడాలన్నది ఆయన కోరిక.

మేము ఒక సోమవారం వెళ్ళాము. పోర్టా మరీనా ద్వారం దగ్గరే మొదటి ఇబ్బంది ఎదురైంది. 2024 నవంబరు నుంచి రోజుకు 20,000 మందినే లోపలికి అనుమతిస్తున్నారు, టికెట్ మీద చూసేవారి పేరు తప్పనిసరి చేశారు. మా మూడు టికెట్ల మీదా నా పేరే ఉంది. అమ్మకూ నాన్నగారికీ అక్కడికక్కడే మళ్ళీ టికెట్లు కొనవలసి వచ్చింది. "క్యూ లేకుండా ప్రవేశం" అని ఆ సైటు చెప్పినా, భద్రతా తనిఖీ క్యూలో అందరితో పాటు నిలబడ్డాము.

అసలు దెబ్బ లోపల తగిలింది. ఎండలో, ఎత్తుపల్లాల రాతి పలకల మీద మూడు గంటలు నడిచాక, ఫాన్ గృహమనే పెద్ద ఇంట్లో అలెగ్జాండర్ మొజాయిక్ కనిపించింది. నాన్నగారు వంగి చాలాసేపు చూశారు. తరువాత తెలిసింది, అది నకలు. 1831లో బయటపడిన అసలు మొజాయిక్‌ను 1843లో దగ్గరలోని నేపుల్స్ నగరానికి తరలించారు. అప్పుడు ఆయన చొక్కా జేబులోంచి, ఇంటి దగ్గర ప్రింటు తీయించుకుని నాలుగు మడతలు పెట్టుకున్న దంతపు బొమ్మ ఫొటో తీసి, అక్కడున్న ఉద్యోగినికి చూపించారు. ఆమె నవ్వుతూ తల అడ్డంగా ఊపి, "నాపోలి, మ్యూజియో" అన్నది. అంటే ఆ బొమ్మ ఉన్నది నేపుల్స్ మ్యూజియంలో.

ఈ సంగతి కొనుగోలుదారులు బాగా గుర్తుపెట్టుకోవాలి. పాంపీతో పాటే పూడిపోయిన పొరుగు ఊరు హెర్క్యులేనియంలో 1738లో, పాంపీలో 1748లో తవ్వకాలు మొదలైనప్పుడు ఆ ప్రాంతం నేపుల్స్ రాజుల ఏలుబడిలో ఉండేది. దొరికిన విలువైన వస్తువులన్నీ రాజుగారి సేకరణకు చేరేవి. అందుకే ప్రసిద్ధమైన మొజాయిక్‌లు, గోడల నుంచి కోసి తీసిన చిత్రాలు, కంచు విగ్రహాలలో అధిక భాగం ఈనాటికీ నేపుల్స్ జాతీయ పురావస్తు మ్యూజియంలోనే ఉన్నాయి. పాంపీలో చూడవలసినవి వీధులు, ఇళ్ళు, స్నానశాలలు, మృతుల ఆకారాలు నిలిచిన ప్లాస్టర్ అచ్చులు, ఆంటిక్వేరియం అనే చిన్న ప్రదర్శనశాల. అవి తక్కువవి కావు. కానీ ఒకచోటి వస్తువు ఫొటో పెట్టి మరోచోటి టికెట్ అమ్మడం మోసమే. మా టికెట్‌లో నేపుల్స్ మ్యూజియం లేనే లేదు.

పోనీ మర్నాడు అక్కడికి వెళదామంటే మంగళవారం ఆ మ్యూజియానికి సెలవు. బుధవారం ఉదయం మా విమానం. ఈ సెలవు సంగతి ఆ అమ్మకందారు పేజీలో ఎక్కడా లేదు.

డబ్బు తిరిగి ఇమ్మని రాస్తే, "ఫొటోలు సూచన కోసమే" అని రెండు వాక్యాల జవాబు వచ్చింది. వారం తరువాత చూస్తే ఆ దంతపు బొమ్మ ఫొటో పేజీలోంచి మాయమైంది. నేను స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోలేదు గనుక, కార్డు ఇచ్చిన బ్యాంకుకు ఫిర్యాదు చేసినా చూపించడానికి ఆధారం లేకపోయింది. డబ్బు కట్టే ముందే ఆ పేజీ మొత్తాన్ని, షరతులతో సహా, ఫోనులో భద్రం చేసుకోండి.

పాంపీ టికెట్‌ను పాంపీ పురావస్తు ఉద్యానవనం అధికారిక సైటులో ఇచ్చిన లింకు ద్వారానే, ప్రతి ఒక్కరి పేరూ పాస్‌పోర్టులో ఉన్నట్టే నింపి కొనండి. నేపుల్స్ మ్యూజియం టికెట్ విడిగా, మంగళవారం కాని రోజుకు తీసుకోండి. ఒకే వస్తువు కోసం అంత దూరం వెళ్ళేవారు, అది ఉన్న గది ఆ రోజు తెరిచి ఉంటుందా, ఆ వస్తువు వేరే ప్రదర్శనకు వెళ్ళిందా అని మ్యూజియానికి ముందుగా ఈమెయిలు రాసి అడగండి. మా నాన్నగారికి డెబ్బై రెండేళ్ళు, మోకాళ్ళ నొప్పులు. మళ్ళీ అంత ప్రయాణం చేయగలరో లేదో నాకు తెలియదు. నాలుగు మడతల ఆ కాగితం మాత్రం ఇంకా ఆయన డైరీలోనే ఉంది.