కారులో నాబ్‌లా, టచ్‌స్క్రీనా? క్లచ్చా, ఆటోమేటిక్కా? ఏది మేలు?

మా బాబాయి కొడుకు ఖమ్మంలో ఉంటాడు. ఇంట్లో మొదటి కారు కొంటున్నారు. రెండు వేరియంట్ల మధ్య ఎటూ తేల్చుకోలేక నాకు ఫోన్ చేశాడు. మధ్య వేరియంట్‌లో ఏసీకి మూడు గుండ్రటి నాబ్‌లు, చిన్న స్క్రీన్. టాప్ వేరియంట్‌లో టీవీ అంత స్క్రీన్, ఏసీకి అద్దంలా నున్నటి టచ్ ప్యానెల్. "అన్నా, టాప్‌ది చూడ్డానికి భలే ఉంది. ఇంకో లక్ష పెడితే వచ్చేస్తది. తీసుకోమంటావా?" అన్నాడు. మాన్యువలా, ఆటోమేటిక్కా అన్నది రెండో ప్రశ్న. ఫోన్‌లో చెప్పింది చాలలేదనిపించింది. ఇదే సందేహంతో షోరూముల చుట్టూ తిరిగేవాళ్లు ఇంకా చాలామంది ఉంటారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

నేను మొదట స్టీరింగ్ పట్టింది మా నాన్న అంబాసిడర్‌లో. గేరు రాడ్ స్టీరింగ్ పక్కనే ఉండేది. హెడ్‌లైట్ల వెలుగు కిందికి దించే డిప్పర్ స్విచ్ కింద, క్లచ్ పక్కన. ఎదురుగా లారీ వస్తే ఎడమ కాలితో తొక్కాలి. చలికాలం పొద్దున్నే చోక్ లాగి సెల్ఫ్ కొట్టాలి, ఇంజిన్ వేడెక్కాక చోక్ మెల్లగా లోపలికి తొయ్యాలి. పవర్ స్టీరింగ్ లేదు. ఆగి ఉన్న బండిని సందులో తిప్పాలంటే భుజాలు పట్టేసేవి. ఆ రోజులే బాగున్నాయని నేను అనను. అయితే ఆ బండిలో ఏది ఎక్కడుందో నాన్న చేతికీ కాలికీ తెలుసు. చిమ్మచీకట్లో కూడా ఆయన చూపు రోడ్డు మీదే ఉండేది.

వందేళ్లుగా కారులో వచ్చిన మంచి మార్పుల్లో చాలావరకు ఒంటికి శ్రమ తగ్గించినవే. 1912లో క్యాడిలాక్ సెల్ఫ్ స్టార్టర్ తెచ్చాక, ముందుకెళ్లి హ్యాండిల్ తిప్పి చేతులు విరగ్గొట్టుకునే బాధ పోయింది. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్‌లో హైడ్రామాటిక్ అనే ఆటోమేటిక్ గేర్లు వచ్చాయి. 1951లో క్రైస్లర్ ఇంపీరియల్‌లో పవర్ స్టీరింగ్ వచ్చింది. యాక్సిలరేటర్ తొక్కకుండానే బండిని ఒకే వేగంలో నడిపే క్రూజ్ కంట్రోల్ 1958 ఇంపీరియల్‌లో వచ్చింది. దాన్ని కనిపెట్టిన రాల్ఫ్ టీటర్‌కు చిన్నప్పుడే చూపు పోయింది. వేళ్లతో తడిమి యంత్రాలను అర్థం చేసుకున్న మనిషి ఆయన. టచ్ ప్యానెల్‌ను తడిమినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తారు. దాని మీద వేలికి తగిలేది ఏమీ ఉండదు.

ఇదేమీ నిన్నమొన్నటి ఆలోచన కాదు. 1986లోనే బ్యూయిక్ రివియెరా కారులో రేడియో, ఏసీ అన్నీ ఒక టచ్‌స్క్రీన్‌లో పెట్టారు. కళ్లు రోడ్డు మీద నుంచి పక్కకు పోతున్నాయని కొన్నవాళ్లు మొత్తుకున్నారు. కొన్నేళ్లకే కంపెనీ దాన్ని తీసేసింది. ఆ ఫిర్యాదు ఎంత నిజమో నాకు నిరుడు వానాకాలంలో తెలిసొచ్చింది.

రాత్రి విజయవాడ నుంచి హైదరాబాద్ వస్తున్నాం. అద్దెకు తీసుకున్న కారు, అన్నీ స్క్రీన్‌లోనే. సూర్యాపేట దాటాక జోరువాన. ముందు అద్దం ఒక్కసారిగా మసకబారింది. మన వానాకాలంలో ఇది రెండు రకాలుగా జరుగుతుంది. ఏసీ చల్లగాలి అద్దానికి తగులుతుంటే అద్దం చల్లబడి, బయటి తేమ బయటివైపు పడుతుంది. దానికి వైపర్ వేసి, గాలిని అద్దం మీద నుంచి మళ్లిస్తే సరిపోతుంది. ఏసీ ఆపేసి అద్దాలు మూసుకుని నలుగురు కూర్చుంటే, మన ఊపిరిలోని తేమే లోపలివైపు పడుతుంది. దానికి మందు తలకిందులు. ఏసీ వెయ్యాలి, గాలిని అద్దం మీదికి తిప్పాలి. వేలితో గీసి చూశాను, లోపలివైపే. ఇక గాలి తిప్పాలి. స్క్రీన్ మీద మ్యాప్ ఉంది. కింద ఏసీ బొమ్మ నొక్కితే ఇంకో పేజీ వచ్చింది. అందులో గాలి ఎటు పోవాలో చూపించే బొమ్మను వెతికి నొక్కబోతుంటే బండి గుంతలో పడింది. వేలు పక్క బొమ్మ మీద పడి పాట గట్టిగా మోగింది. వెనక సీట్లోంచి మా అమ్మ "ముందు చూడరా నాన్నా" అంది. బండి పక్కకు తీసి, ఒక ధాబా ముందు ఆపి, అప్పుడు ఆ పని పూర్తి చేశాను.

గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. మూడు సెకన్లు స్క్రీన్ చూస్తే 66 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే. మా పాత కారులో ఇదే పనికి కుడి చివరి నాబ్‌ను ఆగిపోయేదాకా తిప్పితే చాలు. టక్‌మని చివర తగలగానే గాలి అద్దం మీదికి పోతున్నట్టు లెక్క. చూడక్కర్లేదు.

ఇది నా ఒక్కడి ఇబ్బంది అనుకోకండి. 2022లో వీ బిలాగరే అనే స్వీడన్ కార్ల పత్రిక దీన్ని కొలిచి చూపించింది. గంటకు 110 కిలోమీటర్ల వేగంలో నడుపుతూ నాలుగు మామూలు పనులు చెయ్యాలి. సీటు వేడి, అద్దం మీద మంచు తీసే గాలి లాంటివి, రేడియో స్టేషన్ మార్చడం, ట్రిప్ మీటర్ సున్నా చెయ్యడం, డాష్‌బోర్డు వెలుతురు తగ్గించడం. డ్రైవర్లకు ముందే ఆయా కార్లు అలవాటు చేసుకునే సమయం ఇచ్చారు. బటన్లున్న 2005 నాటి వోల్వో వీ70లో పని 10 సెకన్లలో అయిపోయింది, బండి 306 మీటర్లు పోయింది. అన్నిటికంటే వెనకబడిన ఎంజీ మార్వెల్ ఆర్‌లో 44.6 సెకన్లు పట్టింది, బండి 1372 మీటర్లు పోయింది. జర్మనీలో ఒక టెస్లా డ్రైవర్ వానలో స్క్రీన్ మీద వైపర్ వేగం మారుస్తూ రోడ్డు దిగి చెట్లకు గుద్దాడు. 2020లో కార్ల్‌స్రూహే కోర్టు అతనికి జరిమానా వేసి, ఒక నెల డ్రైవింగ్ నిషేధించింది. వైపర్ మార్చుకోవడం అవసరమే కదా అన్న వాదన అక్కడ నిలబడలేదు. కార్ల భద్రతకు స్టార్లు ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ కూడా 2026 నుంచి నియమం మార్చింది. ఇండికేటర్, హజార్డ్ లైట్లు, వైపర్, హారన్, ఎమర్జెన్సీ కాల్, ఈ ఐదింటికీ చేతికి తగిలే స్విచ్‌లు ఉంటేనే పూర్తి మార్కులు.

మరి స్క్రీన్ వద్దే వద్దా? కాదు. రివర్స్ కెమెరాను నేను వదులుకోను. ఇంటి ముందు సందులో పిల్లలు ఆడుకుంటుంటే వెనక బంపర్ కింద ఏముందో ఏ అద్దమూ చూపించదు. మన దేశంలో 2019 జులై నుంచి కొత్త కార్లకు వెనక పార్కింగ్ సెన్సార్లు తప్పనిసరి, అది చాలా మంచి పని. మ్యాప్ కూడా అంతే. బయల్దేరే ముందు పెట్టుకుంటే దారి పొడుగునా చెబుతుంది. బండి ఆగినప్పుడు వాడేవి, ఒకసారి పెట్టి వదిలేసేవి స్క్రీన్‌లో ఉంటే నాకేం అభ్యంతరం లేదు. చక్రాలు తిరుగుతుండగా వాడేవి మాత్రం వేలికి తగలాలి.

గేర్ల విషయంలో నా ఓటు కొత్తదానికే, అంటే ఆటోమేటిక్‌కే. కూకట్‌పల్లి నుంచి అమీర్‌పేట దాకా సాయంత్రం ఆరింటికి హాఫ్ క్లచ్ మీద నడిపినవాళ్లకు ఎందుకో చెప్పక్కర్లేదు. మన దగ్గర చిన్న కార్లలో ఏఎంటీ (ఆటోమేటెడ్ మాన్యువల్ గేర్లు) వచ్చింది 2014లో, మారుతి సెలేరియోతో. లోపల అదే మామూలు గేర్‌బాక్స్, అదే క్లచ్. ఎడమ కాలు చేసే పనీ, గేరు మార్చే చెయ్యి చేసే పనీ యంత్రమే చేస్తుంది. అందుకే మైలేజీ మాన్యువల్‌కు దగ్గరగా ఉంటుంది, ధర కూడా మిగతా ఆటోమేటిక్‌లంత పెరగదు.

లోపాలు లేకపోలేదు. గేరు మారేటప్పుడు చిన్న కుదుపు ఉంటుంది, తల ముందుకు ఊగుతుంది. రెండు వరసల రోడ్డు మీద లారీని దాటేటప్పుడు కింది గేరుకు దిగడానికి తటపటాయిస్తుంది. మాన్యువల్‌లో అయితే మనమే ముందే దించుకుంటాం. ఓవర్‌టేక్‌లే బతుకుగా రోజూ హైవే మీద తిరిగేవాళ్లకు, డబ్బు ఉంటే, క్లచ్ బదులు నూనె ద్వారా ఇంజిన్ శక్తిని అందించే టార్క్ కన్వర్టర్ ఉన్న ఆటోమేటిక్ హాయి. తిరుమల ఘాట్ దిగేటప్పుడు డీలో, అంటే గేర్లు వాటంతటవే మారే డ్రైవ్ స్థానంలో, వదిలేస్తే బండి వేగం అందుకుంటుంది, బ్రేకులు కాలిపోతాయి. మాన్యువల్ మోడ్‌లోకి మార్చి రెండో గేరులో పట్టి దింపాలి. ఆటోమేటిక్ కొన్నవాళ్లు చాలామంది ఈ మోడ్ జోలికే పోరు. ఇది తప్పక నేర్చుకోవాలి.

హ్యాండ్‌బ్రేక్ సంగతి ఒక్క మాటలో: స్విచ్ ఉన్నా, లాగే రాడ్ ఉన్నా పని జరుగుతుంది. దానికోసం పై వేరియంట్‌కు పోనక్కర్లేదు.

పోయిన ఆదివారం ఖమ్మం వెళ్లాను. అసలు ఈ కారు ఎక్కువగా నడపబోయేది పిన్ని అట. యాభై దాటాయి, ఎడమ మోకాలు నొప్పి. స్కూటీ వచ్చు, క్లచ్ అంటే మాత్రం టెన్షన్. అక్కడికి గేర్ల సందేహం తీరిపోయింది. షోరూములో ముందు టాప్ వేరియంట్‌లో డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, "పిన్నీ, కళ్లు మూసుకుని ఫ్యాన్ పెంచు" అన్నాను. ప్యానెల్ అంతా తడిమింది, ఏదో వెలిగింది, ఫ్యాన్ పెరగలేదు. మధ్య వేరియంట్‌లోకి మారాం. ఒకసారి చూసుకుని కళ్లు మూసుకుంది. రెండోసారికి చెయ్యి నేరుగా నాబ్ మీదికి పోయింది. తమ్ముడు ఇంకా పెద్ద స్క్రీన్ వైపే చూస్తున్నాడు. "నడిపేది నేను కదరా" అంది పిన్ని. మధ్య వేరియంట్, ఏఎంటీ బుక్ చేశారు. దసరాకు ఇంటికొస్తుంది.