పీవీసీ పైపుల్లో ప్లూటో స్పీకర్లు: కట్టుకుని, రెండేళ్లు విన్నాక

జీగ్‌ఫ్రీడ్ లింక్విట్జ్ రూపొందించిన ప్లూటో నమూనాను అనుసరించి నేను ఇంట్లో ఒక జత స్పీకర్లు తయారుచేసుకున్నాను. రెండేళ్లుగా హైదరాబాద్‌లోని మా అపార్ట్‌మెంటు హాల్లో వాటిని రోజూ వింటున్నాను. జర్మనీలో పుట్టి, కాలిఫోర్నియాలో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థలో మూడు దశాబ్దాలకు పైగా పనిచేసిన లింక్విట్జ్ 2018లో కన్నుమూశారు. రస్ రైలీతో కలిసి ఆయన రూపొందించిన క్రాసోవర్‌ను, అంటే మంద్ర, తార ధ్వనులను విడదీసి వేర్వేరు డ్రైవర్లకు (ధ్వనిని పుట్టించే భాగాలకు) పంచే సర్క్యూట్‌ను, ఆయన 1976లో ప్రకటించగా, ఆ ఇద్దరి పేర్లతోనే అది ఈనాటికీ స్పీకర్ తయారీలో విస్తృతంగా వాడుకలో ఉంది. అంతటి ఇంజనీరు చెక్కపెట్టెను వదిలి పీవీసీ పైపును ఎంచుకోవడం వెనక ఉన్న ఆలోచనే నన్ను ఈ పనికి పురికొల్పింది.

నిలువుగా నిలబెట్టిన పైపు పైకొసన, మంద్ర ధ్వనులు పలికే 5 అంగుళాల వూఫర్ కప్పు వైపు చూస్తూ ఉంటుంది. దానికి కాస్త పైన, సన్నటి ఎల్బో పైపులో అమర్చిన 2 అంగుళాల డ్రైవర్ మనవైపు చూస్తుంది. ఈ రెండూ 1000 హెర్ట్జ్ దగ్గర పని పంచుకుంటాయి. ఈ అంకెకు కారణం ఉంది. ధ్వని తరంగం పొడవు స్పీకర్ కోన్ చుట్టుకొలత కంటే ఎక్కువగా ఉన్నంతవరకూ ఆ ధ్వని అన్ని వైపులకూ సమానంగా వ్యాపిస్తుంది, అంతకంటే తగ్గేకొద్దీ టార్చిలైటు వెలుగులా ముందుకే పోతుంది. 5 అంగుళాల వూఫర్‌లో కదిలే కోన్ చుట్టుకొలత సుమారు 34 సెంటీమీటర్లు, 1000 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు కూడా దాదాపు అంతే. సరిగ్గా అక్కడ చిన్న డ్రైవర్ బాధ్యత తీసుకుంటుంది కనుక, సుమారు 3000 హెర్ట్జ్ వరకూ ఈ స్పీకర్ నాలుగు దిక్కులకూ ఒకేలా పలుకుతుంది. గాత్రంలోనూ వీణలోనూ మూలస్వరాలు దాదాపు అన్నీ ఆ పరిధిలోనే ఉంటాయి.

పైపును వీధి చివర హార్డ్‌వేర్ దుకాణంలోనే కొన్నాను. 110 మిల్లీమీటర్ల డ్రైనేజీ పైపు, వూఫర్ కూర్చోవడానికి 160 మిల్లీమీటర్లకు వెడల్పయ్యే రెడ్యూసర్, అడుగున బిగించే మూత, సాల్వెంట్ సిమెంటు కలిపినా మొత్తం ఖర్చులో లెక్కలోకి రావు. అసలు ఖర్చంతా డ్రైవర్లకూ, నాలుగు చానళ్ల యాంప్లిఫయర్‌కూ, క్రాసోవర్ పనిని డిజిటల్‌గా చేసే డీఎస్పీ బోర్డుకూ అవుతుంది. పైపును హ్యాక్సా బ్లేడుతో కోసేటప్పుడు చుట్టూ కాగితం చుట్టి, దాని అంచు వెంబడి గీత గీసుకుని కోస్తే కోత వంకర పోదు. కోత వంకరపోతే వూఫర్ ఒక పక్కకు ఒరుగుతుంది, పక్కనుంచి గాలి కూడా కారుతుంది.

నేను చేసిన ఒక పొరపాటును వివరంగా చెప్పాలి, ఎందుకంటే దాన్ని పట్టుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది. మొదట్లో మగవారి గొంతు వింటే, బిందెలో తలపెట్టి పాడుతున్నట్టు ఒక స్వరం మాత్రం ఉబ్బి వినిపించేది. మైకు పెట్టి కొలిస్తే 210 హెర్ట్జ్ దగ్గర నిటారుగా ఒక శిఖరం కనిపించింది. నా పైపు పొడవు 80 సెంటీమీటర్లు. రెండు కొసలూ మూసుకున్న పైపులో దానికి రెట్టింపు పొడవున్న తరంగం అటూ ఇటూ తిరుగుతూ లోపలే నిలిచి మోగుతుంది, లెక్కవేస్తే అది దాదాపు 214 హెర్ట్జ్‌కు వస్తుంది. దిండ్లలో నింపే పాలియెస్టర్ దూదిని నేను వదులుగా నింపడమే దానికి కారణం. దూదిని బయటికి తీసి, పొరలు విడదీసి, పై నుంచి కింది వరకూ సమంగా, మరికాస్త బిగువుగా నింపాక ఆ శిఖరం అణిగిపోయింది. బూరుగు దూది వాడవచ్చా అని కొందరు మిత్రులు అడిగారు. అది కాలం గడిచేకొద్దీ అణిగి కిందికి జారుతుంది కనుక నేను వాడలేదు.

సర్వదిశా స్పీకర్లు గదినంతా గోల చేస్తాయన్నది వీటిపై తరచుగా వినిపించే అభ్యంతరం, దానితో నేను పూర్తిగా ఏకీభవించను. మామూలు పెట్టె స్పీకర్ నుంచి మంద్ర ధ్వనులు అన్ని వైపులకూ, తార ధ్వనులు ముందుకు మాత్రమే పోతాయి కనుక గోడల మీదినుంచి తిరిగివచ్చే శబ్దం మసకబారి, అసలు శబ్దానికి వేరుగా ఉంటుంది. ప్లూటోలో ఆ రెండూ చాలావరకూ ఒకే తీరుగా ఉంటాయి. స్పీకర్‌ను గోడకు కనీసం ఒక మీటరు దూరంలో నిలబెడితే, గోడను తాకి వచ్చే ధ్వని సుమారు 6 మిల్లీసెకన్లు ఆలస్యమవుతుంది. అప్పుడు మెదడు గదిని వేరుగా, సంగీతాన్ని వేరుగా గుర్తిస్తుందని లింక్విట్జ్ నమ్మారు. మా హాల్లో ఇది నిజమేనని తేలింది, అయితే టైల్స్ నేల మీద మందపాటి జంపఖానా పరిచి, పక్క గోడకు పుస్తకాల బీరువా చేర్చిన తర్వాతే. వట్టి గోడలూ నున్నటి నేలా ఉన్న గదిలో చప్పట్లు కొడితే ఝణఝణ మోగుతుంటే, ఈ స్పీకర్లు ఆ మోతను కూడా వినిపిస్తాయి.

ఈమని శంకరశాస్త్రి వీణ వింటున్నప్పుడు ఈ స్పీకర్ల విలువ నాకు పూర్తిగా తెలిసింది. ఒక్క మీటు తర్వాత గమకం సాగి సాగి సన్నబడుతూ పోయే తీరు గాలిలో నిలిచి వినిపిస్తుంది, పెట్టెలోనుంచి వస్తున్నట్టు ఉండదు. తంబురా శ్రుతి గది అంతా పరుచుకుంటుంది. పాత మోనో రికార్డింగుల్లో బాలమురళీకృష్ణ గాత్రం రెండు స్పీకర్ల నడుమ, వాటికి కాస్త వెనకగా నిలుస్తుంది. భోజనాల బల్ల దగ్గర కూర్చున్న మా అమ్మకూ, సోఫాలో ఉన్న నాకూ దాదాపు ఒకే సంగీతం అందుతుంది. మధ్య కుర్చీలో కూర్చున్న ఒక్కరి కోసమే సిద్ధం చేసిన వ్యవస్థలో ఇది సాధ్యం కాదు. ఒక్కో వాద్యం స్థానాన్ని వేలుపెట్టి చూపించగల కచ్చితత్వం మాత్రం మంచి పెట్టె స్పీకర్లలోనే ఎక్కువ. ఆ లోటును నేను ఒప్పుకుంటాను, కానీ కచేరీ హాల్లో వెనక వరసలో కూర్చున్నప్పుడు ఆ కచ్చితత్వాన్ని నేనెన్నడూ వినలేదు.

నాదస్వరం, డోలు పెళ్లి పందిట్లో వినిపించినంత గట్టిగా కావాలనుకునేవారికి ఇవి సరిపోవు. చిన్న వూఫర్‌తో మూసిన పైపులో మంద్రాన్ని ఎలక్ట్రానిక్‌గా పెంచుతున్నాం కనుక, వాల్యూం ఒక హద్దు దాటగానే కోన్ కదలగల దూరం అయిపోతుంది, మృదంగం ఎడమ వైపు గుమ్మనే నాదం బిగుసుకుపోతుంది. లింక్విట్జ్ కూడా తర్వాత ప్లూటోకు తోడుగా, మంద్రాన్ని మాత్రమే పలికే ఒక సబ్‌వూఫర్‌ను రూపొందించారు. నేను ఈ నెలలో అదే పని మొదలుపెట్టాను. సబ్‌వూఫర్ పెట్టె సిద్ధమైంది, దాన్ని ఏ మూల నిలబెట్టాలో మైకుతో కొలుస్తున్నాను.