తాతల నాటి రైఫిల్ చెక్కకు బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్ ఎలా పనిచేస్తుంది?

ఇంటి పెద్దల నుంచి వచ్చిన .315 స్పోర్టింగ్ రైఫిల్ చెక్క ఎండిపోయి, నల్లబారి ఉంటే నెల్లూరు, ఒంగోలు రంగుల షాపుల్లో దొరికే బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిలే (త్వరగా ఆరేలా తయారుచేసిన అవిసె నూనె) సరైన మందు. వడ్రంగిని అడిగితే లప్పం పెట్టి మెలమైన్ పాలిష్ కొడదామంటాడు. ఒప్పుకోకండి. ఆ పొర అద్దంలా మెరుస్తుంది గానీ ఒక చోట పగిలిందంటే మొత్తం గీకి మళ్లీ కొట్టాల్సిందే. నూనె అయితే గీత పడ్డ చోట రెండు చుక్కలు రుద్దితే కలిసిపోతుంది. బ్రిటిష్ సైన్యం వాడిన పాత లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిళ్ల చెక్కలకు మొదట పట్టించిందీ అవిసె నూనే.

నూనె కొనే ముందు లైసెన్సు సంగతి చూసుకోండి. తాత లైసెన్సు మీద మనవడు తుపాకీ ఉంచుకోవడం కుదరదు, వారసుడిగా కలెక్టరేట్‌లో దరఖాస్తు చేయాలి. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత ఒకరి దగ్గర రెండు తుపాకులే ఉండాలి, వారసత్వంగా వచ్చింది కూడా ఆ లెక్కలోకే వస్తుంది. చెక్క పని ఇంట్లో చేసుకోవచ్చు. బోల్ట్ (తూటాను లోపలికి నెట్టి మూసే ఇనుప కడ్డీ), ట్రిగ్గర్, బ్యారెల్ రిపేరు లైసెన్సున్న డీలరు దగ్గరే చేయించాలి.

తూటా లేదని కంటితో చూసి, వేలితో తడిమి, బోల్ట్ తీసేశాకే స్క్రూలు ముట్టుకోండి. .315 లాంటి లీ-ఎన్‌ఫీల్డ్ తరహా రైఫిల్లో ముందు చెక్కను విప్పకుండా మడమ బోల్ట్ (వెనక చెక్కను బిగించే పొడవాటి మర) తిప్పకూడదు. ఆ బోల్ట్ కొస చదరంగా ఉండి ముందు చెక్క వెనక ఉన్న పలకలో కూర్చుంటుంది. అలాగే తిప్పితే ముందు చెక్క చీలిపోతుంది.  స్క్రూడ్రైవరు కొస గాడిలో బిగుతుగా పట్టాలి, లేకపోతే స్క్రూ తలలు పాడవుతాయి.

సాండ్ పేపర్ వద్దు. అంచులు గుండ్రమవుతాయి, ముద్రలు చెరిగిపోతాయి, చెక్క ఇనుము కన్నా కిందికి దిగిపోతుంది. టర్పెంటైన్‌లో తడిపిన గుడ్డతో మురికి తీసేస్తే చాలు. నొక్కు పడ్డ చోట తడిగుడ్డ వేసి పైన ఇస్త్రీపెట్టె కొన ఆనిస్తే ఆవిరికి నార ఉబ్బి పైకి వస్తుంది. నార తెగితే మాత్రం లేవదు.

ఇక నూనె. త్వరగా ఆరడానికి ఇందులో లోహ లవణాలు కలుపుతారు కాబట్టి నోటికి తగలనివ్వకండి. గానుగ అవిసె నూనె కూడా పనికొస్తుంది గానీ ఆరడానికి రోజులు పడుతుంది. అరచేతిలో నాలుగు చుక్కలు వేసుకుని చెక్క వేడెక్కేదాకా రుద్దండి. 20 నిమిషాల తర్వాత పైన మిగిలిందంతా తుడిచేయండి. ఆ తుడవడంలోనే పనంతా ఉంది. మందంగా వదిలేస్తే పైన తోలు కట్టి, లోపల జిగటగానే ఉండిపోతుంది, దుమ్మంతా దానికే అంటుకుంటుంది. మరుసటి రోజు వేలికి అంటకపోతేనే రెండో పూత. రోజుకొకటి చొప్పున వారం, తర్వాత వారానికొకటి చొప్పున నెల వేస్తే సరిపోతుంది. మడమ పలక (భుజానికి ఆనే పలక) కింద, ఇనుము కూర్చునే గాళ్లలో కూడా పట్టించాలి, తేమ ఎక్కేది అక్కడినుంచే.

నూనె తుడిచిన గుడ్డలు ముద్దగా చుట్టి మూల పడేస్తే వాటంతటవే అంటుకుంటాయి. నీళ్లలో ముంచి, బయట పరిచి ఆరబెట్టండి.

మన ప్రాంతంలో దీని లోపం ఒకటుంది, తేమను పూర్తిగా ఆపలేదు. ఉదయగిరి వైపు ఇబ్బంది లేదు గానీ మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఒడ్డున అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పూత ఆరదు, బూజు పడుతుంది. ఎండాకాలంలో చేసుకోండి. ఆఖరి పూత ఆరాక తేనెమైనం, ఇదే నూనె, టర్పెంటైన్ సమపాళ్లలో కలిపిన ముద్ద పట్టించాలి. మైనాన్ని వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించండి, టర్పెంటైన్ మంట ఆర్పాకే కలపాలి.

ఒక రైఫిల్‌కు 100 మి.లీ. ఎక్కువే, లీటరు డబ్బా కొనొద్దు. తెరిచాక పైన మీగడ కడుతుంది. ఇనుము మీద మాత్రం దీన్ని వాడకండి, గట్టిపడి బోల్ట్ పట్టేస్తుంది. తుప్పు మరకలకు 0000 స్టీల్ ఊల్ (అతి సన్నని ఉక్కు పీచు), గన్ ఆయిల్ వాడండి, అదీ మెల్లగా. చెక్క ఎంత బాగున్నా, డీలరు చేత బ్యారెల్, బోల్ట్ పరీక్ష చేయించకుండా పేల్చకండి.