యెటి ఫోర్ బై ఫోర్‌కి స్టేజ్ వన్ రీమ్యాప్: హైవేకి సరే, గుంటల గట్టుకి వద్దు

ఇందుకూరుపేట వైపు మాకు రొయ్యల గుంటలున్నాయి. నాలుగు చినుకులు పడితే చాలు, గట్టు మీద బండి నిలబడదు. ఆ దారి కోసమే సెకండ్ హ్యాండ్‌లో స్కోడా యెటి ఫోర్ బై ఫోర్ డీజిల్ తీసుకున్నా. కంపెనీ లెక్కలో పవర్ 140 పీఎస్, టార్క్ (తిప్పే బలం) 320 న్యూటన్ మీటర్లు. చెన్నైలో ఒకచోట స్టేజ్ వన్ రీమ్యాప్ చేయించా, అంటే విడిభాగాలు మార్చకుండా ఇంజను కంప్యూటర్ సెట్టింగులు మార్చి బలం పెంచడం. 170 దాటుతుందన్నారు. కొలిపించలేదు గానీ, గూడూరు వైపు హైవే మీద తేడా బాగా తెలుస్తోంది. లారీని దాటాలంటే గేరు తగ్గించే పనే లేదు.

బండి చూసిన ప్రతివాళ్లూ అడిగేది ఒకటే: వెనక డిఫరెన్షియల్ (బలాన్ని రెండు వెనక చక్రాలకూ పంచే గేర్ల పెట్టె) తట్టుకుంటుందా?

ఈ బండిలో ఇంజను బలం మామూలుగా ముందు చక్రాలకే. వెనక్కి వెళ్లాలంటే హాల్డెక్స్ క్లచ్ దాటాలి. ఆయిల్లో మునిగిన ప్లేట్ల కట్ట అది, పంపు ప్రెషర్ ఇస్తే బిగుస్తుంది. ఆ బిగింపు మోయగలిగినంతే వెనక్కి పోతుంది, మించితే ప్లేట్లు జారతాయి. అందుకే బలం పెంచితే ముందు నలిగేది ఆ ప్లేట్లూ ఆయిలూ. డిఫరెన్షియల్‌లోని పెద్ద పళ్లచక్రాల జత, అంటే క్రౌన్ పినియన్ దాకా దెబ్బ అంత తేలిగ్గా రాదు.

ఇంకో సంగతి. డిఫరెన్షియల్‌కి చేరేది ఇంజను టార్క్ ఒక్కటే కాదు, గేరు పెంచిన టార్క్. ఫస్ట్ గేరులో చక్రాల దగ్గరికి వచ్చేసరికి అది పది రెట్లకు పైనే. ఆరో గేరులో వందలో పోతుంటే దానికి పెద్ద పనే లేదు. అసలు ప్రమాదం బురదలో. ఒక చక్రం గిర్రున తిరుగుతుంటే డిఫరెన్షియల్ లోపలి చిన్న పళ్లచక్రాలు, అంటే స్టార్ పినియన్లు కూడా చాలా వేగంగా తిరిగి వేడెక్కుతాయి. అప్పుడూ కాలు తియ్యకపోతే, చక్రం గట్టి నేలను పట్టుకున్న క్షణాన పళ్ల మీద దెబ్బ పడుతుంది. రీమ్యాప్ తర్వాత టర్బో ఒక్కసారిగా అందుకుంటోంది కాబట్టి గట్టు మీద అలా తిరగడం ఎక్కువైంది. మామూలు యెటి ఇక్కడ ఇంతకంటే బుద్ధిగా నడిచేది.

రీమ్యాప్ చేసినవాళ్లు హాల్డెక్స్ ఆయిల్ ఊసే ఎత్తలేదు. నాకు నచ్చనిది అదే. ఆ మాట అడిగింది నెల్లూరు ఆటోనగర్ మెకానిక్. "అన్నా, బలం పెంచినారు సరే, ఈ ఆయిల్ ఎప్పుడు మార్చినారు?" అన్నాడు. పాత యజమాని బిల్లుల్లో దాని జాడే లేదు. ప్లగ్గు విప్పితే నల్లగా, మాడు వాసనతో కారింది. తెల్లగుడ్డ మీద వేలితో రుద్ది చూపించాడు, సన్నటి మసి. పక్కనే ఉన్న డిఫరెన్షియల్ గేర్ ఆయిల్ మాత్రం శుభ్రంగా ఉంది. రెండూ వేరువేరు, ఒకదాని ఆయిల్ ఇంకోదాంట్లో పోయకూడదు. హాల్డెక్స్ ఫిల్టర్ కూడా మార్చాక వెనక చక్రాలు వెంటనే అందుకుంటున్నాయి. పని నిదానమే, ఒక పూటంతా పట్టింది, కానీ విప్పిన ప్రతిదీ చూపించి చేశాడు.

నాలుగు టైర్లూ ఒకే అరుగుదలలో ఉండాలని కూడా అతనే చెప్పాడు. రెండు కొత్తవి, రెండు పాతవి అయితే హాల్డెక్స్‌కి ఊరికే పని పెరుగుతుంది.

బలం ఇంకా పెంచే స్టేజ్ టూ చేస్తామని చెన్నై నుంచి ఫోన్లు వస్తున్నాయి. వద్దన్నా. డిఫరెన్షియల్ కంటే ముందు చేతులెత్తేసేది గేర్‌బాక్స్ ముందున్న మామూలు క్లచ్ ప్లేటు. ఇప్పటికే ఆరో గేరులో గట్టిగా తొక్కితే ఆర్‌పీఎం ముల్లు లేస్తోంది గానీ బండి దాంతో పాటు లేవడం లేదు.