సోనీ ఏ7 త్రీ: ఐదేళ్ళ పెళ్ళి ముహూర్తాల తర్వాత

విజయనగరం, శ్రీకాకుళం చుట్టుపక్కల ఐదేళ్ళ ముహూర్తాలు, అరవైకి అటూ ఇటూగా పెళ్ళిళ్ళు, షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా పడిన క్లిక్కులు) 1,68,000. ఇదంతా ఒక్క సోనీ ఏ7 త్రీ బాడీ మీద నడిచింది. 2018 ఫిబ్రవరిలో ప్రకటించిన 24.2 మెగాపిక్సెళ్ళ ఫుల్ ఫ్రేమ్ (పాత 35 ఎంఎం ఫిల్మ్ అంత సెన్సర్) కెమెరా ఇది. ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో బాగా దొరుకుతోంది కాబట్టి, క్రాప్ సెన్సర్ (అంతకంటే చిన్నది) నుంచి ఫుల్ ఫ్రేమ్‌కి మారదామనుకునే మన వైపు కుర్రాళ్ళు ముందు దీని గురించే అడుగుతున్నారు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆల్బమ్ పనికి ఈ బాడీ ఇప్పటికీ నిక్షేపంగా సరిపోతుంది. ఫోటోలు పాడయ్యేది బాడీ పాతబడి కాదు. మండపం లైట్లకి తగిన షట్టర్ పెట్టకపోవడం వల్ల, లెన్సుకి చెమ్మ పట్టడం వల్ల.

మెగాపిక్సెళ్ళ లెక్క ఒకటి తేల్చుకుంటే చాలా డబ్బు మిగులుతుంది. దీని ఫైలు 6000 × 4000 పిక్సెళ్ళు. ఇక్కడ ల్యాబులు వేసే ఆల్బమ్ షీటు 12 × 36 అంగుళాలు, అంటే ఒక్కో పేజీ 12 × 18. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) చొప్పున ఆ పేజీకి కావలసింది 5400 × 3600. కాస్త క్రాప్ చేసుకున్నా సరిపోతుంది. రెండు పేజీలకీ ఒకే ఫోటో పరిస్తే 166 డీపీఐకి దిగుతుంది. ఆల్బమ్ ఒళ్ళో పెట్టుకుని చూసే దూరంలో, ఫోకస్ సరిగ్గా ఉన్న ఫోటోకి అది కూడా ఇబ్బంది కాదు. ఫోకస్ జారిన ఫోటోని మాత్రం 45 మెగాపిక్సెళ్ళున్నా ఎవరూ కాపాడలేరు.

ఇక లైట్లు. మన ఫంక్షన్ హాళ్ళలో అన్నిటికంటే ఎక్కువ ఫోటోలు పోయేది ఇక్కడే. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబులు, చవక ఎల్‌ఈడీ బల్బులు సెకనుకి 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలియదు, 1/500 సెకను షట్టర్‌లో తీస్తే ఒక ఫ్రేము పసుపుగా, తర్వాతది చీకటిగా వస్తుంది. దీనికి మెనూలో యాంటీ ఫ్లికర్ షూటింగ్ ఉంది, ఆన్ చేసి వదిలేయండి. వెలుగు గరిష్ఠంగా ఉన్న క్షణం దాకా ఆగి క్లిక్ చేస్తుంది కాబట్టి బర్స్ట్ (వరసగా తీసే) వేగం కొద్దిగా తగ్గుతుంది, అంతే. అయితే అది 100, 120 హెర్ట్జ్ మినుకుని మాత్రమే పట్టుకుంటుంది, సైలెంట్ షట్టర్‌లో (చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టర్) పనిచేయదు.

మండపం వెనక పెట్టే ఎల్‌ఈడీ తెర, రంగులు మారే పిక్సెల్ స్ట్రిప్పులు వేరే జాతి. వెలుగు తగ్గించడానికి అవి తమ సొంత వేగంతో ఆరి వెలుగుతుంటాయి, ఒక్కో కంపెనీ తెరది ఒక్కో వేగం. యాంటీ ఫ్లికర్‌కి అవి అందవు. అందుకే వరుడు మండపానికి రాకముందే తెర వేయించి, 1/60, 1/80, 1/100, 1/125, 1/160 వరుసగా మెకానికల్ షట్టర్‌తో తలో నాలుగు ఫ్రేములు తీసి, వంద శాతం జూమ్ చేసి చూడాలి. అడ్డంగా చారలు కనబడని వాటిలో వేగమైనదాన్ని పట్టుకుని జీలకర్ర బెల్లం నుంచి తలంబ్రాల దాకా అదే ఉంచాలి. ఎక్కువ హాళ్ళలో అది 1/100 లేదా 1/125 దగ్గర తేలుతుంది. తలంబ్రాల బియ్యం గాల్లో ఆగినట్టు కావాలంటే ఆ షట్టర్ చాలదు. అప్పుడు ఫ్లాష్ కలపాలి, బియ్యాన్ని ఆపేది ఫ్లాష్ వెలుగే. ఫ్లాష్ సింక్, అంటే ఫ్లాష్‌తో కలిసి పనిచేసే షట్టర్ వేగం, 1/250 వరకు ఉంది.

సైలెంట్ షట్టర్ ఎల్‌ఈడీ తెర ఉన్న హాల్లో వద్దేవద్దు. సెన్సర్‌ని పైనుంచి కిందికి వరసగా చదువుతుంది కాబట్టి చారలు ఖాయం, పైగా ఫ్లాష్ వెలగదు. పగటి వెలుతురులో ఉపనయనాలకి, తెల్లవారాక అప్పగింతలకి మాత్రం అదే అమృతం. ఏడుస్తున్న మనిషి ముందు టకటక చప్పుడు లేకుండా పని అయిపోతుంది.

ఇంకో సెట్టింగ్ చాలామంది చూడరు: ఎలక్ట్రానిక్ ఫ్రంట్ కర్టెన్, అంటే క్లిక్ మొదలు ఎలక్ట్రానిక్‌గా, ముగింపు మెకానికల్ తెరతో. డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది, మామూలు వేగాల్లో మంచిదే. ఎండలో ఎఫ్/1.8 పెట్టి (లెన్స్ బాగా తెరిచి) 1/2000 దాటితే వెనక వెలుగు గుండ్రాలు సగం కోసేసినట్టు వస్తాయి, ఫ్రేములో ఒక పక్క వెలుగు తేడా పడుతుంది. లెన్స్ లోపమనుకుని మార్పించుకోవడానికి పరిగెత్తక్కర్లేదు. బయట ఫోటోషూట్‌కి అది ఆఫ్ చేస్తే చాలు.

ఐఎస్‌ఓ (వెలుగుకి సెన్సర్ స్పందన) విషయంలో ఈ సెన్సర్‌కి 640 ఒక మెట్టు. అక్కడ సెన్సర్ రెండో గెయిన్‌కి (సంకేతాన్ని పెంచే స్థాయి) మారుతుంది, అందుకే 500లో తీసిన రా (కెమెరా దిద్దని ముడి) ఫైలు కంటే 640లో తీసినదాని నీడలు శుభ్రంగా ఉంటాయి. లోపల తీసేటప్పుడు 400, 500 మీద ఆగకుండా నేరుగా 640కి వెళ్ళండి. 6400 వరకు ఆల్బమ్ సైజులో నాకు సందేహం లేదు. 12800 హోమం పొగలో, దీపాల వెలుగులో తప్పనప్పుడు మాత్రమే.

ఆటోఫోకస్ కోసమే ఈ బాడీ కొన్నా తప్పు లేదు. 693 ఫేజ్ డిటెక్షన్ (ఫోకస్) పాయింట్లు ఫ్రేములో 93 శాతం పరుచుకుంటాయి. 2019 ఏప్రిల్‌లో వచ్చిన వెర్షన్ 3.0 ఫర్మ్‌వేర్‌తో, షట్టర్ బటన్ సగం నొక్కితేనే కన్ను పట్టుకుంటుంది. అంతకు ముందు దానికి విడిగా ఒక బటన్ కేటాయించుకోవాలి. సెకండ్ హ్యాండ్ తీసుకోగానే వెర్షన్ చూసి, పాతదైతే ముందు అప్‌డేట్ చేయండి.

మన పెళ్ళిళ్ళలో ఇది తడబడే చోటు ఒకటుంది. బాసికం కట్టి, తల వంచుకుని, పక్కకి తిరిగి కూర్చున్న వధువు కన్ను దొరక్కపోతే ఫోకస్ వెనక నిలబడ్డ మేనత్త ముఖం మీదకి దూకుతుంది. దీనికి మందు ఫేస్ రిజిస్ట్రేషన్. మేకప్ అయ్యాక, బాసికం కట్టకముందు ఒకసారి, కట్టాక ఒకసారి వధువు ముఖం నమోదు చేయండి, వరుడిదీ అంతే. ఎనిమిది ముఖాల దాకా పడతాయి. రిజిస్టర్డ్ ఫేసెస్ ప్రయారిటీ ఆన్‌లో పెట్టండి. మరుసటి పెళ్ళికి వెళ్ళేముందు పాతవి తుడిచేయడం మరిచిపోవద్దు. మంగళసూత్రం కట్టేటప్పుడు ముఖాల పట్టింపు పూర్తిగా ఆపి, ఫ్లెక్సిబుల్ స్పాట్ (మనం జరిపే ఫోకస్ చుక్క) చిన్నది పెట్టి ముడి మీదే ఉంచాలి.

విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవానికీ అదే పద్ధతి. దసరా వెళ్ళిన మంగళవారం మూడు లాంతర్ల దగ్గర జనసముద్రంలో ఫేస్ డిటెక్షన్ ఉంచితే ఎవరో ఒకరి ముఖం పట్టుకుంటుంది, పైన సిరిమాను మీద కూర్చున్న పూజారి మసకగా వస్తాడు. ఆయన వెనక ఉండేదంతా ఆకాశమే కాబట్టి కెమెరా చెప్పిన ఎక్స్‌పోజర్ నమ్మితే మనిషి నల్లబడిపోతాడు. ఒక స్టాప్ (వెలుగు రెట్టింపు), మబ్బు పట్టి ఆకాశం తెల్లగా ఉంటే ఒకటిన్నర పెంచుకోండి. సిరిమాను ఊగుతుంది, షట్టర్ 1/1000కి తగ్గొద్దు.

వైట్ బ్యాలెన్స్ దగ్గర ఒక మాట. పసుపు దంచే రోజు పసుపుపచ్చ షామియానా కింద ఆటో పెడితే కెమెరా ఆ పసుపుని తప్పు వెలుగు అనుకుని చర్మాన్ని నీలం వైపు లాగేస్తుంది. గ్రే కార్డుతో కస్టమ్ పెట్టుకోవాలి. కార్డు బదులు పెళ్ళికొడుకు పంచె వాడేవాళ్ళున్నారు. అది పొందూరు ఖాదీ అయితే సహజంగానే మీగడ రంగు, మిల్లు పంచె అయితే తెలుపు కోసం కలిపిన రసాయనం వల్ల కొన్ని లైట్ల కింద నీలంగా మెరుస్తుంది. రెండూ కొలమానానికి పనికిరావు. ఫ్లాష్‌ని షామియానా గుడ్డకి బౌన్స్ చేయడం కూడా వద్దు, గుడ్డ రంగంతా ముఖం మీదకి దిగుతుంది.

వీడియో ప్రధానమైతే ఈ కెమెరా కొనమని చెప్పను. లోపల రికార్డయ్యేది 8 బిట్ (రంగుకి 256 మెట్లు) మాత్రమే. ఎస్‌లాగ్‌లో (చప్పటి రంగుల ప్రొఫైల్) తీసి రంగులు దిద్దబోతే మండపం వెనక గుడ్డ మీద, బుగ్గల మీద మెట్లు మెట్లుగా చారలు తేలతాయి. పైగా ఎస్‌లాగ్‌కి ఐఎస్‌ఓ 800 కంటే దిగదు. తప్పనిసరైతే హెచ్‌ఎల్‌జీ3 గాని సినీ4 గాని ప్రొఫైల్ వాడండి. పాల్ మోడ్, 4కే 25పీ (సెకనుకి 25 ఫ్రేములు), షట్టర్ 1/50. ఇలా పెడితే మన 50 హెర్ట్జ్ లైట్ల మినుకు ఉండదు, లెన్స్ పూర్తి వెడల్పు దక్కుతుంది. ఎన్‌టీఎస్‌సీలో 30పీ పెడితే 1.2 రెట్లు క్రాప్ అవుతుంది, ఇరుకు మండపంలో అది పెద్ద నష్టం. క్లిప్ సుమారు 29 నిమిషాలకి ఆగిపోతుంది కాబట్టి ముహూర్తం ఘడియకి పది నిమిషాల ముందే ఒకసారి ఆపి మళ్ళీ మొదలుపెట్టాలి. ఈ ఇబ్బందులన్నీ పడలేమంటే 2021లో వచ్చిన ఏ7 ఫోర్ చూసుకోండి. అందులో 10 బిట్ ఉంది, తెర పక్కకి తిరుగుతుంది, మెనూలు వేలితో నడుస్తాయి. త్రీలో టచ్ ఫోకస్ పాయింటుకే గాని మెనూకి పనిచేయదు.

కార్డుల్లో చూడాల్సింది స్లాట్ అంకె. స్లాట్ 1 మాత్రమే యూహెచ్‌ఎస్-2 (వేగమైన రకం), రెండోది యూహెచ్‌ఎస్-1 (నెమ్మది). రెండింటికీ రా రాస్తే వేగమంతా రెండోదాని స్థాయికి దిగుతుంది. నేను రా ఒకదానికి, జేపెగ్ రెండోదానికి వేస్తాను. అన్‌కంప్రెస్డ్ రా ఒక్కోటి 47 ఎంబీ, 64 జీబీలో సుమారు 1,300 పడతాయి. కంప్రెస్డ్ దాదాపు సగం. పెళ్ళికి కంప్రెస్డ్ చాలు.

బ్యాటరీ గురించి దిగులు లేదు. కంపెనీ లెక్క 710 ఫోటోలు, పెళ్ళి వేగంలో నాకు 1,400 పైనే వస్తున్నాయి. విడి ఛార్జర్ పెట్టెలో రాదు, కొనుక్కోవాలి.

లెన్సులకి బాడీ కంటే ఎక్కువ ఖర్చు పెట్టండి. నా దగ్గర మూడున్నాయి. టామ్రాన్ 28-75 ఎఫ్/2.8 పని భారమంతా మోస్తుంది, 28 దగ్గర 19 సెంటీమీటర్లదాకా దగ్గరికి వెళ్తుంది, ఉంగరాలకీ మెట్టెలకీ విడి మాక్రో అక్కర్లేదు. సోనీ 85 ఎఫ్/1.8 కేవలం 371 గ్రాములు. టామ్రాన్ 70-180 ఎఫ్/2.8 దూరానికి. మూడింటికీ ఫిల్టర్ 67 మిల్లీమీటర్లే. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం కొంగల కోసం మాత్రం 180 చాలదు, 200-600 అద్దెకి తీసుకోవడం మేలు. యానిమల్ ఐ ఆటోఫోకస్ అక్కడ పక్షుల్ని పట్టుకుంటుందని ఆశపడకండి.

దుమ్ము. పవర్ ఆపినా ఈ బాడీలో షట్టర్ మూసుకోదు, లెన్స్ తీయగానే సెన్సర్ బయటపడుతుంది. అక్షింతల పసుపు పొడి గాల్లో ఉన్నప్పుడు మండపం దగ్గర లెన్స్ మార్చొద్దు. మార్చాల్సొస్తే పక్కకి వచ్చి, ఫ్యాన్ గాలి తగలని చోట, కెమెరా ముఖం కిందికి వంచి మార్చండి. నెలకోసారి ఐఎస్‌ఓ 100, ఎఫ్/16లో ఫోకస్ చెదరగొట్టి ఖాళీ ఆకాశం తీస్తే మచ్చలు కనబడతాయి. ముందు క్లీనింగ్ మోడ్, తర్వాత చేతి బ్లోయర్. అప్పటికీ పోకపోతేనే 24 మిల్లీమీటర్ల స్వాబ్ (సెన్సర్ తుడిచే పుల్ల), రెండు చుక్కల ద్రవం, ఒకే దిశలో ఒక గీత. చేతి వణుకు సరిచేసే స్టెబిలైజేషన్ వల్ల సెన్సర్ తేలుతూ ఉంటుంది, నొక్కితే మరమ్మతు ఖర్చు తగులుకుంటుంది. నోటితో ఊదడం అసలొద్దు.

మన తీరానికి చెమ్మ పెద్ద శత్రువు. వానాకాలంలో బీరువాలో, తోలు సంచిలో ఉంచిన లెన్సుల్లో బూజు దారాల్లా అల్లుకుంటుంది, గాజు పూతని తినేస్తుంది, తుడిచినా మరక పోదు. డ్రై బాక్స్ కొని 40 నుంచి 50 శాతం మధ్య ఉంచండి. 30కి దించితే లెన్స్ లోపలి గ్రీజు ఎండుతుంది. అది కొనేదాకా గాలి చొరని డబ్బా, సిలికా జెల్, చిన్న హైగ్రోమీటర్. నీలం గుళికలు గులాబీ రంగుకి తిరిగితే వేడిచేసి మళ్ళీ వాడొచ్చు. ఏసీ కారులోంచి కళింగపట్నం ఒడ్డున దిగగానే సంచి తెరిస్తే గాజు మీద నీరు పడుతుంది. అరగంట సంచి మూసే ఉంచాలి. సముద్రం దగ్గర్నుంచి వచ్చాక మంచినీళ్ళలో గట్టిగా పిండిన గుడ్డతో బాడీ, ట్రైపాడ్ కాళ్ళు తుడిచి, పొడిగుడ్డతో మళ్ళీ తుడవాలి, లేకపోతే ఉప్పు స్క్రూల్ని తినేస్తుంది.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళకి షట్టర్ కౌంట్ లెక్క. దీని షట్టర్ రెండు లక్షలకి పరీక్షించినది. ఏడాదికి 40 పెళ్ళిళ్ళు, పెళ్ళికి 3,000 క్లిక్కులంటే ఒక్క ఏడాదిలో 1,20,000. అందుకని బాడీ ఎన్నేళ్ళదని కాదు, ఎవరి చేతిలో ఉందని చూడాలి. అమ్మేవాళ్ళ ముందే ఒక కొత్త రా ఫైలు తీసి, ఎక్సిఫ్‌టూల్ అనే ప్రోగ్రామ్‌లో కౌంట్ చదవండి. తర్వాత ఆకాశం ఫోటో ఎఫ్/16లో, మూత పెట్టి 30 సెకన్ల ఫోటో ఒకటి. మొదటిదానిలో గీతలు, రెండోదానిలో వెలిగే చుక్కలు తెలుస్తాయి. ఎలక్ట్రానిక్ ఫ్రంట్ కర్టెన్ ఆఫ్ చేసి, 1/4000, 1/8000లో తెల్లగోడ తీసి వెలుగు అంతటా ఒకేలా ఉందో లేదో చూడండి. రెండు స్లాట్లలోనూ కార్డులు పెట్టి రాయించండి. హాట్ షూ (పైన ఫ్లాష్ తగిలించే చోటు) మీద ఫ్లాష్ పెట్టి ఇరవైసార్లు వెలిగించండి. మెమరీ కార్డు తలుపు, బ్యాటరీ తలుపు స్ప్రింగులు గట్టిగా ఉండాలి. బాడీ అడుగున ఉన్న సీరియల్ నంబరు బిల్లు మీదా, వారంటీ కార్డు మీదా ఒకటే అయి ఉండాలి. బిల్లు లేదంటే ధర ఎంత తగ్గించినా వదిలేయండి, రేపు మరమ్మతుకి విశాఖ పట్టుకెళ్ళినప్పుడు మొదట అడిగేది అదే.