కొరమేనా, బొచ్చెనా, కవళ్ళా: బెజవాడ వంటింటికి ఏది మేలు?

ఆదివారం ఉదయం బెజవాడలో చేపల కొట్టుకు వెళ్ళినవారి చూపు మొదట పడేది నీళ్ళ తొట్టిలోని కొరమేను మీదే. తొట్టి మీద కప్పిన వల కింద నల్లని చేపలు ఒకదాని మీదుగా ఒకటి జారిపోతుంటాయి, ఉన్నట్టుండి ఒకటి మూతి పైకెత్తి గాలి గుటక వేసి మళ్ళీ అడుగుకు దిగిపోతుంది. పక్కన మంచు పరిచిన బల్ల మీద కైకలూరు వైపు చెరువుల బొచ్చెలు, శీలావతులు వరసగా ఉంటాయి. ఓ మూల గంపలో బందరు నుంచి వచ్చిన కవళ్ళు అనే చిన్న సముద్రపు చేపలు ఉంటాయి. కొరమేను ధర బొచ్చెకు రెండింతల పైమాట, కవళ్ళు అన్నిటికన్నా చవక. ధరలో ఇంత తేడా ఉన్నప్పుడు తిండి విలువలోనూ అంత తేడా ఉంటుందని అనుకోవడం సహజమే కానీ, అది నిజం కాదు.

మాంసకృత్తుల సంగతి చూస్తే మూడూ దాదాపు సమానమే. ఏ చేపనైనా 100 గ్రాముల మాంసంలో ఇంచుమించు 16 నుంచి 20 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. తేడా అంతా కొవ్వులో, ముళ్ళలో, తాజాదనంలో ఉంది.

కొరమేను గొప్పతనం ముఖ్యంగా రెండు విషయాల్లో ఉంది. నడుమ వెన్నెముక, దానికి అంటుకున్న పెద్ద ముళ్ళు తప్ప కండలో దాగే సన్న ముళ్ళు దీనికి లేవు కాబట్టి పసిపిల్లలకూ, చూపు మందగించిన పెద్దలకూ నిశ్చింతగా పెట్టవచ్చు. రెండవది, మొప్పలతో పాటు గాలి పీల్చే ఏర్పాటు కూడా ఉండడం వల్ల కొద్దిపాటి నీళ్ళలోనూ గంటల తరబడి బతికే ఉంటుంది. అందుకే కొన్నవారు దానిని ప్రాణంతోనే చూసి, బూడిద రాసి పట్టు చిక్కించుకుని పొలుసు గీకించుకుని తెచ్చుకుంటారు. కొవ్వు బాగా తక్కువ కావడంతో తేలికగా అరుగుతుంది, ఆపరేషన్ అయినవారికి కొరమేను పులుసు పెట్టే అలవాటుకు ఆ మేరకు అర్థం ఉంది. అయితే కొవ్వు తక్కువ అంటే చేపల్లో దండిగా దొరికే ఒమేగా-3 అనే మేలైన కొవ్వు కూడా తక్కువేనన్న మాట. నా లెక్కలో కొరమేనుకు మనం ఇచ్చే అదనపు డబ్బులో ఎక్కువ భాగం అది బతికి ఉన్నందుకే. అందువల్ల చచ్చి మంచు మీదికి చేరిన కొరమేనుకు అదే ధర చెప్తే పక్కకు తప్పుకోవడమే మంచిది.

బొచ్చె మన ఇళ్ళలో రోజువారీ చేప. తవుడు, చెక్క మేతతో చెరువుల్లో పెరిగి లారీలకెక్కి కలకత్తా, అస్సాం దాకా వెళ్ళే ఈ చేప మనకు 70 కిలోమీటర్ల దూరంలోనే దొరుకుతోంది. పెద్ద తల దీని ప్రత్యేకత, పులుసు ప్రియులు ముక్కలకన్నా ముందు తలకాయనే అడుగుతారు. ముళ్ళే దీనితో చిక్కు: వీపు, తోక భాగాల్లోని కండలో రెండుగా చీలిన సన్న ముళ్ళు ఉంటాయి. పొట్ట వైపు ముక్కల్లో పక్కటెముకలే ఉంటాయి, వాటిని తేలికగా తీసేయవచ్చు. కాబట్టి పిల్లలున్న ఇంటివారు కోయించేటప్పుడే పొట్ట ముక్కలను విడిగా పెట్టించుకుంటే కొరమేను ఖర్చు చాలా వరకు తప్పుతుంది.

పోషణ మాటకొస్తే మాత్రం గంపలోని కవళ్ళదే పైచేయి. నూనె కవళ్ళు బాగా కొవ్వెక్కే కాలంలో 100 గ్రాములకు 10 గ్రాములు దాటి కొవ్వు ఉంటుంది, గుండెకు మేలు చేసే ఒమేగా-3 అందులోనే ఉంది. డి విటమిన్ కూడా దండిగా దొరుకుతుంది. ముళ్ళు మెత్తబడేదాకా మట్టి దాకలో చింతపండు పులుసు పోసి సన్న సెగన ఉడికిస్తే, ముల్లుతో సహా తినడం వల్ల కాల్షియం కూడా ఒంటికి చేరుతుంది. మెత్తళ్ళకూ ఈ మాట వర్తిస్తుంది. ఎండు మెత్తళ్ళలో ఉప్పు ఎక్కువ కనుక రక్తపోటు ఉన్నవారు వాటిని వేడినీళ్ళలో రెండుసార్లు కడిగినా మితంగానే తినాలి.

అయితే నూనె చేప తొందరగా పాడవుతుంది. మంచు సరిగ్గా వేయని కవళ్ళు, కానాగంతల వంటి నూనె చేపల్లో హిస్టమిన్ అనే పదార్థం పెరుగుతుంది. అది వంట వేడికి పోదు, తిన్న కాసేపటికే ముఖం ఎర్రబడి దద్దుర్లు లేస్తాయి. మసాలా ఎంత దట్టించినా ఈ దోషం కప్పబడదు.

వంజరం, సొర వంటి వేటాడే పెద్ద చేపల గురించి ఒక్క మాట చాలు. చిన్న చేపల్ని తిని బతికే వీటిలో పాదరసం పోగుపడుతుంది. బాలింతకు సొర పిట్టు పెట్టడం మన తీరప్రాంతపు పాత ఆచారమే అయినా, పెద్ద సొరను గర్భిణులకూ బాలింతలకూ తరచుగా పెట్టకపోవడమే క్షేమం.

మా ఇంట్లో జ్వరం పడి లేచినవారికీ, పళ్ళూడిన మా పెద్దమ్మకూ కొరమేను. చుట్టాలొస్తే బొచ్చె పులుసు, అదీ ముందు రోజు రాత్రే కాచినది. మిగతా వారాల్లో కవళ్ళు. కవళ్ళకు మాత్రం పొద్దున్నే వెళ్తాను. మొప్ప ఎత్తి ఎరుపు చూసి, పొట్ట మీద వేలితో నొక్కి, గుంట వెంటనే పూడితేనే తూకం వేయమంటాను. పది దాటాక గంప అడుగున పొట్టలు పగిలి మిగిలినవి సగం ధరకిస్తామన్నా తీసుకోను.