ఆరేళ్లు వాడాక: షిఫ్ట్ లెన్స్, లె తొరొనె మఠం గోడలు

ఆరేళ్ల క్రితం ఈ 24 ఎం.ఎం. టిల్ట్-షిఫ్ట్ లెన్స్‌ను (కెమెరా కదలకుండానే వంచడానికి, పైకో పక్కకో జరపడానికి వీలున్న లెన్స్) సెకండ్‌హ్యాండ్‌లో కొన్నప్పుడు మా ఆవిడ అడిగింది: "ఆటోఫోకస్ కూడా లేదా? మరి అంత రేటెందుకు?" న్యాయమైన ప్రశ్నే.

ఉద్యోగం దక్షిణ ఫ్రాన్స్‌లోని మార్సేయ్‌లో. సెలవు దొరికితే ఆ చుట్టుపక్కల ప్రొవాన్స్ ప్రాంతంలో, సిస్టర్షియన్లనే క్రైస్తవ సన్యాసుల సంఘం కట్టిన మూడు మఠాల్లో ఏదో ఒకదానికి పోతుంటాను. సెనాంక్, సిల్వకాన్ కూడా చూశాను గానీ ఎక్కువగా లె తొరొనెకే. 12వ శతాబ్దంలో మొదలైన కట్టడం. శిల్పాలు, రంగుటద్దాలు దాదాపు ఉండవు, వాటిని ఆ సంఘం నియమాలే వద్దన్నాయి. మన రామప్ప గుడి శాసనం 1213 నాటిది, అంటే రెండూ ఇంచుమించు ఒకే కాలానివి. రామప్పలో ఫోటో కాస్త వాలినా చూసేవాళ్ల కళ్లు మదనికల మీదే ఉంటాయి. ఇక్కడ రాయి, దాని మీద వెలుగు, అంతే. మామూలు వైడ్ లెన్స్ పైకెత్తి తీస్తే గోడలు వెనక్కి పడిపోతున్నట్టు వస్తాయి, ఆ తప్పును కప్పడానికి ఆ గోడల మీద చెక్కిన పువ్వులేవీ ఉండవు.

షిఫ్ట్ పనికొచ్చేది ఇందుకే. కెమెరాను లెవెల్‌లో ఉంచి, లెన్స్‌ను మాత్రం పది పన్నెండు మిల్లీమీటర్లు పైకి జరుపుతాం. స్తంభాలు నిటారుగానే ఉంటాయి, పైకప్పు ఫ్రేములోకి దిగుతుంది. సాఫ్ట్‌వేర్‌లోనూ సరిచేయొచ్చు, కానీ అంచులు తెగిపోతాయి, పైభాగం సాగి పలచబడుతుంది.

చేయి కుదరడానికి ఏడాది పట్టింది. నా డీఎస్‌ఎల్‌ఆర్‌లో లెన్స్ జరిపాక వెలుగును కొలిచే మీటర్ తప్పు చెబుతుంది కాబట్టి ఎక్స్‌పోజర్ ముందే చూసుకోవాలి. మొదట్లో చర్చి లోపల వేర్వేరు ఎక్స్‌పోజర్లతో తీసిన ఐదేసి షాట్లు కలిపి చీకటి మూలలన్నీ తెల్లగా చేసేవాణ్ణి. అచ్చం పెళ్లి ఆల్బమ్! ఇప్పుడు గోడ మీద పడ్డ వెలుగునే కొలుస్తాను, మిగతాది నల్లబడితే పడనీ అని వదిలేస్తాను.

ఒక జనవరి ఉదయం మఠం వరండాలో నిలబడ్డాను. జంట తోరణం, దాని పైనున్న గుండ్రటి కన్నం, రెండిట్లోంచీ ఎండ నేల మీద పడి మెల్లగా గోడెక్కింది. అప్పటిదాకా నున్నగా కనిపించిన రాయి మీద ఉలి గాట్లు నేతచీర పోగుల్లా లేచాయి. పది నిమిషాలకు మళ్లీ చదునైపోయింది. నాకు దొరికినవి మూడు ఫ్రేములు.

లోపాలూ ఉన్నాయి. లాక్ మరిచిపోతే పైకి జరిపిన లెన్స్ బరువుకు కిందికి జారుతుంది. ఎనిమిది సెకన్ల ఎక్స్‌పోజర్లు ఎన్ని అలా పోయాయో! మూడో ఏట షిఫ్ట్ మర వదులైతే రిపేరుకిచ్చాను, మూడు వారాల తర్వాత అదే వదులుతో తిరిగొచ్చింది. బరువు ముప్పావు కిలో పైమాటే. టిల్ట్ అయితే ఆరేళ్లలో నాలుగుసార్లు వాడానేమో. ట్రైపాడ్ లేకుండా సగం విలువే, కొన్ని కట్టడాల్లో దాన్ని రానివ్వరు, ముందే అడగండి.

పిల్లల్ని, ప్రయాణాల్ని తీసేవాళ్లకు ఇది వద్దు. గోడల పిచ్చి ఉన్నవాళ్లు కూడా ముందు రెండు రోజులు అద్దెకు తెచ్చుకోండి. అదీ చలికాలంలో, సూర్యుడు కిందుగా ఉన్నప్పుడు.